మూడు వేల రెండొందల స్టాండు మీద వంద గ్రాముల కందిపొడి

ప్రశ్న: అయ్యా, మాది తణుకు. నేనూ మా వారూ ఐదేళ్లుగా కందిపొడి, కరివేపాకు కారం, నల్లకారం, మునగాకు పొడి చేసి వంద గ్రాముల ప్యాకెట్లలో అమ్ముతున్నాం. తాడేపల్లిగూడెం, భీమవరం, పాలకొల్లు దాకా 60 షాపులకు వేస్తున్నాం. సరుకు బాగుందని అందరూ అంటారు. కానీ షాపులో చూస్తే మా ప్యాకెట్లు సబ్బుల వెనకో, అగరొత్తుల కిందో పడి ఉంటాయి. సొంతంగా డిస్‌ప్లే స్టాండ్లు చేయిద్దామని హైదరాబాద్‌లో ఒకరిని అడిగాం. అక్రిలిక్, ప్లైవుడ్ కలిపి, పైన మా పేరు ఎల్‌ఈడీ వెలుగులో కనపడేలా డిజైన్ పంపారు (ఫొటో జత చేశాను). ఒక్కోటి రూ. 3,200. అరవైకి రూ. 1,92,000. ట్యాక్సు, రవాణా వేరే. ఒక్కో షాపులో నెలకు సుమారు రూ. 2,000 సరుకు పోతుంది, మాకు నూటికి 15 మిగులుతుంది. మా వారు వద్దే వద్దంటున్నారు. తక్కువలో చేయిస్తే చీప్‌గా కనపడుతుందేమోనని నా భయం. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఫొటో చూశాను. స్టాండు చాలా బాగుంది. నగల షాపులో పెట్టుకోవచ్చు.

వెటకారం కాదు. ఆ డిజైనర్‌కి పని వచ్చు. కాకపోతే ఆయన ఏసీ షోరూమ్‌ని మనసులో పెట్టుకుని గీశారు. మీ సరుకు వెళ్లేది కిరాణా కొట్టుకి. అక్కడ కౌంటర్ మీద త్రాసు, చిల్లర డబ్బా, బిస్కెట్ల సీసాలు, పేమెంట్ అయిందని అరిచే సౌండ్ బాక్సు పోగా మిగిలేది జానెడు జాగా. ప్లగ్గు పాయింటు ఒక్కటే ఉంటుంది, అది ఫ్రిజ్‌ది. రెండోది ఉంటే షాపాయన ఫోన్ చార్జర్‌ది. మీ ఎల్‌ఈడీ బోర్డు మొదటి వారం వెలుగుతుంది. రెండో వారం ఎవరో ప్లగ్గు పీకుతారు, ఇక అంతే. వెలగని లైటు బోర్డు అసలు బోర్డే లేనిదానికన్నా దిగులుగా కనపడుతుంది.

అందం సంగతికి వెళ్లే ముందు మీరిచ్చిన అంకెలే చూద్దాం. షాపుకి నెలకు రూ. 2,000 అమ్మకం, నూటికి 15 అంటే మీకు మిగిలేది రూ. 300. స్టాండు పెట్టాక అమ్మకం సగానికి సగం పెరిగిందనే అనుకుందాం, అది పెద్ద ఆశే. అప్పుడు అదనంగా వచ్చేది రూ. 150. స్టాండు ఖరీదు రూ. 3,200 రావడానికి 21 నెలలు దాటుతుంది. కిరాణా కొట్టులో కౌంటర్ మీద ఏ స్టాండూ 21 నెలలు నిలబడగా నేను చూడలేదు. మూలకి తోసేస్తారు, లేదా అందులో ఇంకెవరివో మురుకుల ప్యాకెట్లు కూర్చుంటాయి. కాబట్టి ఆరు నెలల్లో డబ్బు తిరిగి రావాలని గీత గీసుకోండి. ఆరు నూట యాభైలు తొమ్మిది వందలు. మామూలు షాపుకి ఇంతకు మించి ఒక్క రూపాయి పెట్టకూడదు, వీలైతే అందులో సగం కూడా పెట్టకూడదు. మీ వారు వద్దన్నది ఈ లెక్క మనసులో వేసుకునే అయ్యుంటారు, కాస్త మెచ్చుకోండి.

ఇప్పుడు మీ భయం సంగతి. స్టాండు చీప్‌గా కనపడేది చవక వస్తువుతో చేసినందుకు కాదు. ఖరీదైనదానిలా నటించబోయి దొరికిపోతే అప్పుడు చీప్‌గా కనపడుతుంది. ప్లాస్టిక్‌కి బంగారు రంగు వేస్తే, అట్టకి చెక్క డిజైన్ స్టిక్కర్ అంటిస్తే చూసేవాడికి తెలిసిపోతుంది. అట్టని అట్టలా, ఇనుప తీగని తీగలా వదిలేసి అంచులు శుభ్రంగా ఉంచితే ఎవరూ తక్కువగా చూడరు. ఇరవై రెండేళ్లు ఈ స్టాండ్లు చేయించిన అనుభవంతో చెబుతున్నాను. కన్ను ముందుగా పడే చోట, అంటే పైబోర్డు మీదా, ప్యాకెట్ ముఖం మీదా డబ్బు పెట్టండి. వెనక పలక, అడుగు, పక్కలు ఎవరూ చూడరు. మీ కొటేషన్‌లో డబ్బంతా ఎవరూ చూడని చోటే ఉంది.

ఆ డిజైన్‌లో ఒక్క విషయం చూపిస్తాను, ఖర్చు ఎక్కడ దాక్కుంటుందో తెలుస్తుంది. వెనక పలక 13 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల ఎత్తు అని రాశారు. అక్రిలిక్ అయినా, ప్లైవుడ్ అయినా, సన్‌బోర్డ్ (తేలికపాటి ఫోమ్ పలక) అయినా మామూలుగా దొరికే షీటు ఎనిమిది అడుగులు బై నాలుగు, అంటే 96 బై 48 అంగుళాలు. అందులో 13 బై 17 ముక్కలు వరసగా కోస్తే 15 వస్తాయి. మంచి పనివాడు కొన్నిటిని అడ్డంగా, కొన్నిటిని నిలువుగా తిప్పి పెడితే 19 వస్తాయి. అదే కొలత 11¾ బై 15¾ చేయండి. అదే షీటులో 24 వస్తాయి. కోతకు పోయే పొడి కూడా లెక్కలో వేసే చెబుతున్నాను. అంగుళం పావు తగ్గిందని మీ కస్టమర్‌కి తెలియదు. 60 పలకలకి నాలుగు షీట్లు కావలసినవాళ్లకి మూడు సరిపోతాయి. వేస్టేజీ ముక్కల డబ్బు కూడా కొటేషన్‌లో మీరే కడతారు, ముక్కలు మాత్రం వర్క్‌షాపులో ఉండిపోతాయి. ఎవరి దగ్గర చేయించినా "షీటుకి ఎన్ని ముక్కలు వస్తున్నాయి?" అని ఒక్క మాట అడగండి. ఆ ప్రశ్నతోనే రేటు దిగడం నేను చాలాసార్లు చూశాను.

రెండోది, ఎన్ని రకాల పని కలుస్తోంది అన్నది. అక్రిలిక్ ఒకచోట లేజర్ కోత, ప్లైవుడ్ ఇంకోచోట వడ్రంగం, లైటు మూడోచోట వైరింగు, పేరు నాలుగోచోట ప్రింటింగు. నలుగురి లాభం, మూడుసార్ల ఆటో కిరాయి ఆ 3,200 లో ఉన్నాయి. ఒకే సరుకుతో, ఒకే వర్క్‌షాపులో పూర్తయ్యేది ఎప్పుడూ చవక.

ఇక ఏం చేయాలో చెబుతాను. 60 షాపులకీ ఒకటే స్టాండు అనే ఆలోచన ముందు వదిలేయండి. మీ లిస్టు తీసుకుని షాపుల్ని మూడుగా విడగొట్టండి. చిన్న కొట్లు ఒక ముప్ఫై ఉంటాయి. కౌంటర్ మీద కాస్త జాగా ఉన్నవి ఇరవై. కస్టమర్ చేత్తో తీసుకునే మినీ సూపర్ మార్కెట్లు, హైవే పక్క స్వీట్ల షాపులు పది.

చిన్న కొట్లకి స్టాండు వద్దు. పైకి చూడండి. అక్కడ ఎప్పటినుంచో ఉన్న డిస్‌ప్లే ఒకటుంది: షాంపూ ప్యాకెట్ల దండలు. సి.కె. రంగనాథన్ గారు 1983లో తమిళనాడులోని కడలూరులో మొదలుపెట్టిన చిక్ షాంపూ పల్లెపల్లెకీ చేరింది ఈ చిన్న ప్యాకెట్లతోనే. షాంపూని సాచెట్‌లో అమ్మే ఆలోచన తెచ్చినవారిగా ఆయన తండ్రి చిన్నికృష్ణన్ గారి పేరు చెబుతారు. సాచెట్ ధర గురించి అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం వాటిలో నచ్చింది అవి కూర్చునే చోటు. కౌంటర్ మీద అంగుళం జాగా అడగవు, కస్టమర్ కంటికి ఎదురుగా వేలాడతాయి, స్టాండు ఖర్చు సున్నా. కిందది ఒకటి చించితే పైవి అలాగే ఉంటాయి.

మీరూ అదే చేయండి. ప్యాకెట్ పైఅంచున, సీలుకి పైన, ఒక రంధ్రం పంచ్ చేయించండి. కొక్కేలు ఉన్న వేలాడే ప్లాస్టిక్ పట్టీలు ప్యాకింగ్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతాయి. పట్టీకి 12 ప్యాకెట్లు. అంటే కిలో రెండొందల గ్రాములు, కాబట్టి పైన దారం కాదు, మేకుకి తగిలించే గట్టి కొక్కెం కావాలి. పట్టీ తలమీద మీ పేరున్న చిన్న కార్డు. షాపుకి రూ. 40 దాటదు, దాటనివ్వకండి. నాలుగు రకాలూ కలిపి వేలాడదీసేటప్పుడు రంగు చూసుకోండి. కందిపొడి లేత రంగు, నల్లకారం ముదురు, ఆకు పొడులు పచ్చన. లేతది ముదురుది పక్కపక్కన వస్తే దూరం నుంచే విడివిడిగా తెలుస్తాయి. ఆకు పొడులు రెండూ పక్కపక్కన పెడితే కలిసిపోతాయి. ఒక్క జాగ్రత్త: పడమటి ఎండ తగిలే చోట వద్దు. ఎండకి మిరప ఎరుపు, ఆకు పచ్చదనం రెండూ వెలిసిపోతాయి, రెండు నెలల్లో మీ కరివేపాకు కారం ఎండుగడ్డి రంగుకొస్తుంది. ప్యాకెట్ మీద పారదర్శకంగా ఉన్న కిటికీ భాగాన్ని కూడా చిన్నది చేయించండి.

కౌంటర్ జాగా ఉన్న ఇరవై షాపులకి నేను చెప్పేది మీకు ముందు నచ్చకపోవచ్చు. అట్టపెట్టె.

చూయింగ్ గమ్ పెట్టెలు గుర్తు తెచ్చుకోండి. మూత వెనక్కి విరిస్తే అదే పైబోర్డు అవుతుంది, పెట్టె అదే స్టాండు అవుతుంది. మీరు ఇప్పుడు కూడా ప్యాకెట్లను ఏదో ఒక అట్టపెట్టెలో పెట్టే షాపుకి పంపుతున్నారు కదా. ఆ పెట్టెనే ఇలా మార్పించండి. ముందు భాగం మీద చుక్కల గీతలా చిన్న కోతలు వేయిస్తే షాపాయన అక్కడ చించుతాడు, వెనక మూత పైకి నిలబెడతాడు, అయిపోయింది. ప్యాకెట్లు సర్దే పని కూడా లేదు. ఇది నచ్చడానికి ఇంకో కారణం, స్టాండు పాతబడదు. సరుకు వేసిన ప్రతిసారీ కొత్త పెట్టె వెళ్తుంది. మీరు పెడుతున్నది స్టాండు ఖర్చు కాదు, ఎలాగూ పెట్టే పెట్టె ఖర్చుకి కాస్త కలుపుతున్నారు, అంతే.

ఇందులో ఒకేసారి పడే ఖర్చు డై. పెట్టె ఆకారాన్ని కోయడానికి చెక్కలో స్టీలు బ్లేడ్లు బిగించి చేస్తారు. 60 పెట్టెలు చేయించినా, 2,000 చేయించినా డై ఖర్చు ఒకటే. అందుకే 60 అడిగితే ఒక్కో పెట్టె ధర చూసి మీ గుండె ఆగుతుంది. ఏడాదికి సరిపడా ఎన్ని కావాలో లెక్కేసి అడగండి. అలాగని ఏడాది పెట్టెలన్నీ ఒకేసారి తెచ్చి ఇంట్లో పేర్చకండి, మన వైపు వానాకాలం గాలికే అట్ట మెత్తబడుతుంది. రెండు మూడు విడతలుగా తీసుకుంటామని ముందే మాట్లాడుకోవచ్చు, డై మాత్రం మీదే అని బిల్లు మీద రాయించుకోండి. రేపు ఇంకొకరి దగ్గర చేయించుకోవలసి వస్తే పనికొస్తుంది.

ప్రింటింగ్ దగ్గర నాలుగు రంగులు, మెరిసే లామినేషన్ అంటారు. వద్దు. గోధుమరంగు క్రాఫ్ట్ అట్ట మీద ముదురు ఎరుపు ఒక్కటి చాలు. కారప్పొడి అమ్మేవాళ్లకి ఇంతకన్నా కుదిరే రంగు ఇంకొకటి లేదు. రోలు, రోకలి, కుండ బొమ్మలు మాత్రం దయచేసి పెట్టకండి. ఊళ్లో ఉన్న ప్రతి పొడి ప్యాకెట్ మీదా ఒక బామ్మ రోట్లో ఏదో దంచుతోంది. ఆ బామ్మల గుంపులో మీ బామ్మని ఎవరు గుర్తుపడతారు?

అక్షరాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందం సగం ఇక్కడే పాడవుతుంది. కస్టమర్ కొట్టు బయట నిలబడి కౌంటర్ మీదుగా చూస్తాడు, అయిదారు అడుగుల దూరం. అక్కడినుంచి హాయిగా చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తుండాలి. మన లిపికి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లిష్ పేరుకి సరిపోయిన పట్టీలో తెలుగు పేరు ఇరికిస్తే డిజైనర్లు అక్షరాన్ని కుదించేస్తారు. "నల్లకారం"లో లకార ఒత్తు చుక్కలా కనపడుతుంది. పేరు చుట్టూ జాగా అడిగి మరీ వదిలించుకోండి. సన్నటి స్టైలు ఫాంట్లు కంప్యూటర్ మీద ముచ్చటగా ఉంటాయి, కొట్టు చీకట్లో మాయమవుతాయి. ప్రింటుకి ఇచ్చే ముందు మామూలు కాగితం మీద అసలు సైజులో తీసి, వంటింట్లో ఓ గోడకి అంటించి, హాల్లోంచి చదవండి. ఖర్చు రెండు రూపాయలు.

ఇక పది పెద్ద షాపులు. ఇక్కడ మాత్రం తీగ స్టాండు చేయించండి, ఒక్కోదానికి రూ. 1,200 వరకు వెళ్లొచ్చు. ఇక్కడ అమ్మకం ఎక్కువ కాబట్టి ఆ డబ్బూ ఆరు నెలల్లో తిరిగొస్తుంది. దీనికి హైదరాబాద్ అక్కర్లేదు. కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులు మీ ఊళ్లోనే ఉన్నాయి. మెట్లుగా రెండు అరలు, ఒక్కో అరలో రెండు గదులు, నాలుగు రకాలకీ నాలుగు గదులు. ముందు ఒక్కటి చేయించి, వారం ఒక షాపులో పెట్టి, తప్పులు దిద్దాకే మిగతా తొమ్మిది. వెల్డింగ్ చేసేముందు ముక్కల్ని బిగించడానికి ఒక అచ్చు చేసుకోమని చెప్పండి, లేకపోతే పదీ పది రకాలుగా వస్తాయి. రంగు పౌడర్ కోటింగ్ వేయించండి, అంటే రంగు పొడి చల్లి వేడితో పట్టించేది. బ్రష్‌తో వేసిన పెయింటు భీమవరం గాలికి ఏడాది తిరక్కుండా లేస్తుంది. నలుపు గానీ తెలుపు గానీ అడిగితే, వాళ్లు వేరేవాళ్లవి వేస్తున్న రోజునే మీవీ వేసేస్తారు. మీకంటూ ప్రత్యేకంగా ఒక రంగు అడిగితే పది స్టాండ్ల కోసం మిషను కడిగి రంగు మార్చాలి, ఆ కూలి మీ మీదే పడుతుంది.

గది వెడల్పు మీ ప్యాకెట్ వెడల్పుకి పావు అంగుళం మించనివ్వకండి. ప్యాకెట్ వాలిపోకుండా నిలబడుతుంది. ఇంకో లాభం కూడా ఉంది, పక్క కంపెనీల చిప్స్ ప్యాకెట్ అందులో పట్టదు. ఈ కిటుకు నాకు ఒక షాపాయనే చెప్పాడు, నవ్వుతూ.

స్టాండు పైబోర్డు విడిగా జొనిపేలా ఉండాలి. సంక్రాంతికి ఒకటి, మామూలు రోజులకి ఒకటి మార్చుకోవచ్చు, స్టాండు మాత్రం అదే. డిజిటల్ ప్రింటు వాళ్ల షీటు సాధారణంగా 12 బై 18 అంగుళాలు. మీ పైబోర్డు 11½ బై 5½ చేస్తే షీటుకి మూడు వస్తాయి, పది స్టాండ్లకి నాలుగు షీట్లు. ఇంత తక్కువకి ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి వేలల్లో వేసే ప్రింటింగ్) జోలికి వెళ్లకండి, ప్లేట్ల ఖర్చే ఎక్కువవుతుంది. వచ్చిన ప్రింటుని సన్‌బోర్డ్ మీద అంటించుకుంటే వంగదు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట ఒక కాఫీపొడి వాళ్లకి ఫిల్టర్ ఆకారంలో స్టాండు చేయించాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు, నేనూ కాలరెగరేశాను. రెండు వందలు తయారయ్యాక వ్యాన్ పిలిస్తే అందులో 22 పట్టాయి. గుండ్రటివి కదా, ఒకదానిలో ఒకటి దూరవు, పరుచుకోవు. పది ట్రిప్పుల కిరాయితో గాలిని మోసుకెళ్లాం. ఆ డబ్బుతో ఇంకో వంద స్టాండ్లు వచ్చేవి. అప్పటినుంచి ఏ డిజైన్ చూసినా అందంగా ఉందా అని అడగడానికి ముందు, మడిస్తే పడుకుంటుందా అని అడుగుతాను. తీగ స్టాండు అరలు కొక్కేలతో తగిలించేలా ఉంటే పది స్టాండ్లు ఒక స్కూటర్ మీద వెళ్తాయి. అట్టపెట్టె ఎలాగూ పడుకునే వస్తుంది.

మొత్తం చూడండి. ముప్ఫైకి నలభై చొప్పున 1,200. ఇరవై షాపులకి పెట్టె మార్పు, పైబోర్డు కలిపి రెండొందల చొప్పున 4,000. పది తీగ స్టాండ్లు 12,000. కలిపితే 17,200. డై, ప్రింటింగ్, ఒకటి రెండు శాంపిళ్లు పాడవడం వేసుకున్నా 30,000 దాటనివ్వొద్దు. ఇవి మార్కెట్ రేట్లు కావు, మీ మిగులుని బట్టి నేను గీసిన గీతలు. ఎవరైనా దీనికి మించి చెబితే కొలతలు తగ్గించండి, గీత జరపకండి. తగ్గించకూడనివి రెండు. ఒకటి ప్యాకెట్ ప్రింటు, కస్టమర్ ఇంటికి వెళ్లేది అదే. రెండోది తీగ కొనలు. వాటిని వంచి, అరగదీయించండి. స్వీట్ల షాపులో చిన్నపిల్లల చేతులు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి.

ఒకేసారి 60 షాపుల్లో దిగకండి. ఎనిమిది షాపుల్లో పెట్టి, అదే అమ్మకం ఉన్న ఇంకో ఎనిమిది షాపుల్ని ఉన్నట్టే వదిలేసి, ఆరు వారాలు నోట్‌బుక్‌లో రాయండి. పండగ వారాలు కలవకుండా చూసుకోండి, లేకపోతే పండగ అమ్మకాన్ని స్టాండు ఖాతాలో వేసుకుంటాం. షాపుకి వెళ్లినప్పుడు స్టాండు సగం ఖాళీగా కనపడితే స్టాండు పెద్దదైందని అర్థం, అర ఒకటి తీసేయండి. 24 ప్యాకెట్లతో నిండుగా ఉన్నది, 60 పట్టేదాంట్లో 20 ఉన్నదానికన్నా బాగుంటుంది. ఖాళీ అర చూస్తే ఎవరికైనా అది మిగిలిపోయిన సరుకులా అనిపిస్తుంది.

హైదరాబాద్ ఆయనకి ఫోన్ చేసి మర్యాదగా వద్దని చెప్పండి. ఆ డిజైన్‌లో పేరు రాసిన తీరు మాత్రం చక్కగా ఉంది. దానికి విడిగా డబ్బిచ్చి ఫైలు తీసుకోగలిగితే తీసుకోండి, పెట్టె మీదకీ పైబోర్డు మీదకీ అదే వాడొచ్చు.

ఫొటోలో పొడుల పక్కన ఆవకాయ సీసాలు కూడా కనపడ్డాయి. వాటిని వీటిలో కలపకండి. సీసా బరువుకి పట్టీ తెగుతుంది, అట్ట కూలుతుంది, నూనె కారితే రెండూ పోతాయి. ఎనిమిది షాపుల లెక్క వచ్చాక రాయండి, సీసాల సంగతి అప్పుడు చూద్దాం.